చెద గీతను తుడవకండి, దాని వెంట వెళ్లండి

మా పడకగది గుమ్మం పక్కన గోడ మీద పెన్సిలుతో గీసినట్టు సన్నటి మట్టి గీత కనబడింది. జూలై నెల, వానలు పడుతున్నాయి. తడిగుడ్డతో తుడిచేశాను. పది రోజులకి అదే చోట మళ్లీ గీత. మళ్లీ తుడిచాను. అలా మూడుసార్లు. దసరాకి ఇల్లు దులుపుతూ ఆ గోడకి అవతలి గదిలో మంచం కిందున్న మా నాన్నగారి చెక్కపెట్టెని లాగితే, పెట్టె వచ్చింది గానీ అడుగు చెక్క నేలనే అంటుకుని ఉండిపోయింది. లోపల ఆయన పోర్టులో పనిచేసిన రోజుల డైరీలు. అట్టలు చెక్కుచెదరలేదు, వాటి మీది బంగారు రంగు అంకెలు కూడా అలాగే ఉన్నాయి. తెరిస్తే కాగితం ఉండాల్సిన చోట ఎర్రమట్టి. ఆ మట్టి సందుల్లో వండిన సేమియా ముక్కల్లాంటి తెల్లటి పురుగులు, వెలుగు పడగానే లోపలికి దూరిపోతున్నాయి. కొన్ని పేజీల్లో పైన తేదీ మిగిలింది, కింద రాసింది పోయింది.

తలుపు బాగుచేయడానికి వచ్చిన వడ్రంగి మేస్త్రి జరిగిందంతా విని ఒకటే మాట అడిగాడు: "గీత తుడిచేత్తే దాని దారి మనకెలా తెలుస్తాదమ్మా?"

మాది విశాఖలో మర్రిపాలెం వైపు, గ్రౌండ్ ఫ్లోర్ ఇల్లు. ఆ తర్వాత రెండేళ్లలో చెదల గురించి నేర్చుకున్నదీ, చేసి చూసిందీ వరసగా రాస్తున్నాను. మీ ఇంట్లో గీత కనబడి ఉంటే దాన్ని ముట్టుకోకుండా ముందు ఇది చదవండి.

వాటి కాపురం ఎక్కడో తెలుసుకోండి

చెదల్ని ఇంగ్లీషులో తెల్ల చీమలు అని కూడా అంటారు గానీ అవి చీమలు కావు. బొద్దింకలకి దగ్గర చుట్టాలు. మన ఇళ్లలో ఎక్కువగా కనబడేవి నేల చెదలు. రాణి, గుడ్లు, పిల్లలు అన్నీ మట్టిలోనే ఉంటాయి. మన తలుపు దగ్గరికి వచ్చేవి కూలి పురుగులు. వాటికి చూపు ఉండదు, ఒళ్లు బాగా పల్చన. బయటి గాలి తగిలితే త్వరగా ఎండిపోతాయి. అందుకని మట్టిని తమ ఉమ్మితో, రెట్టతో కలిపి సొరంగం కట్టుకుంటూ దాని లోపలే నడుస్తాయి. మనకి గోడ మీద గీతలా కనబడేది ఆ సొరంగమే.

నాగుల చవితికి మనం పాలు పోసే పుట్టని కట్టింది కూడా చెదలే. పాము తర్వాత వచ్చి చేరుతుంది. పుట్ట కట్టే చెదలు లోపల బూజుతోట పెంచుకుంటాయి. చెక్కనీ ఆకునీ తిని, ఆ రెట్ట మీద ఒక రకం బూజు పెంచి, దాన్ని తింటాయి. వానలు పడ్డాక అదే బూజు పైకి గొడుగు విప్పితే పుట్టకొక్కులు అని ఏరుకుని కూర వండుకుంటాం. పుట్టగొడుగు అన్న పేరులో పుట్ట ఉన్నది ఇందుకే.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, వైద్యం అంతా దీని మీదే ఆధారపడి ఉంది. తలుపు మీద మందు కొడితే తలుపులో ఉన్న నాలుగు వందలో, నాలుగు వేలో చస్తాయి. మట్టిలో రాణి గుడ్లు పెడుతూనే ఉంటుంది. ఆ దారి మూసుకుపోతే మిగిలినవి పక్క గది వైపు ఇంకో దారి కట్టుకుంటాయి. నేను తుడిచిన గీత అవతలి గదిలోకి మళ్లింది ఇలాగే.

విశాఖలో వీటికి ఇబ్బంది తక్కువ. సముద్రపు గాలిలో తేమ ఏడాది పొడవునా ఉంటుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఒక వానాకాలం, అది అయ్యీ అవకముందే అక్టోబరు, నవంబరుల్లో తుపాను వానలు. నేల పూర్తిగా ఎండే రోజులు మనకి కొన్నే.

చెదలేనా, ఇంకేదైనానా?

కంగారులో చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు. చెక్కని తినేవి ముఖ్యంగా మూడు రకాలు, మూడింటికీ ఒకే వైద్యం పనిచేయదు.

మట్టి గీత ఉంటే నేల చెదలు. అనుమానం ఉండనక్కర్లేదు.

మట్టి లేకుండా, బల్ల కింద గసగసాల్లాంటి గింజలు కుప్పగా పడుతుంటే అవి పొడిచెక్క చెదలు. ఇవి నేలతో పని లేకుండా ఆ చెక్కలోనే బతుకుతాయి. ఆ గింజలు వాటి రెట్ట. భూతద్దంలో చూస్తే ఒక్కో గింజకీ ఆరు పలకలు కనబడతాయి.

మైదాపిండిలా మెత్తటి పొడి రాలుతూ, చెక్కకి గుండుసూది తలంత గుండ్రటి రంధ్రాలు ఉంటే అది పుచ్చు. పెంకు పురుగుల పని, చెదలతో సంబంధం లేదు. మంచం కోళ్లకీ, వెదురు సామానుకీ ఎక్కువగా పడుతుంది.

మృగశిర కార్తె వచ్చి తొలి వానలు పడగానే సాయంత్రం దీపాల చుట్టూ మూగే ఉసుళ్లు చెదల్లో రెక్కలొచ్చినవే. ఈసుళ్లు అని కూడా అంటారు. రెక్కల చీమలు కూడా అదే కాలంలో ఎగురుతాయి కాబట్టి ఒకదాన్ని పట్టుకుని చూడండి. నాలుగు రెక్కలూ ఒకే పొడవుంటే, నడుము సన్నగా లేకుండా ఒళ్లంతా ఒకే మందంగా ఉంటే ఉసిలి. ముందు రెక్కలు పెద్దవై, నడుము నొక్కుకుపోయి ఉంటే చీమ. బయటి నుంచి దీపానికి వచ్చిన ఉసుళ్ల గురించి టెన్షన్ పడనక్కర్లేదు. అవి గోడ పగుల్లోంచో, ద్వారబంధం సందులోంచో ఇంటి లోపలే బయటికి వస్తుంటే మాత్రం కాలనీ మీ నేల కిందే ఉందని అర్థం.

ఇక తట్టి చూడటం. స్క్రూడ్రైవర్‌ను తిరగేసి పట్టుకుని, పిడితో ద్వారబంధం మీద కింద నుంచి పైకి జానెడు జానెడు దూరంలో తట్టుకుంటూ వెళ్లండి. గట్టి చెక్క 'టక్' మంటుంది. తిన్న చెక్క 'డబ్' మని, ఖాళీ అట్టపెట్టెని తట్టినట్టు మోగుతుంది. ఆ చోట బొటనవేలితో గట్టిగా నొక్కండి. మా గుమ్మానికి నొక్కితే పెయింటు వేలి కింద అప్పడంలా విరిగింది. పెయింటు పొర ఒక్కటే నిలబడి ఉంది, వెనక చెక్క లేదు. తట్టిన వెంటనే చెవి ఆనించి వింటే ఒక్కోసారి లోపల ఇసుక రాలినట్టు చిన్న చప్పుడు వినిపిస్తుంది. కాపలా చెదలు తల చెక్కకేసి కొట్టి మిగతా వాటిని హెచ్చరించే చప్పుడు అది.

గీత పాతదా, ఇప్పుడు నడుస్తున్నదా తేల్చడానికి దాన్నంతా తుడవకుండా మధ్యలో అర అంగుళం మాత్రం పుల్లతో గీకండి. పురుగులు కనబడితే తేలిపోయింది. కనబడకపోతే పక్కన పెన్సిలుతో తేదీ వేసి రెండు మూడు రోజులు ఆగండి. ఆ ఖాళీని తడి మట్టితో పూడ్చేస్తే దారి నడుస్తున్నట్టే. మట్టి ఎండి, చిటికేస్తే పొడిగా రాలిపోతుంటే వదిలేసిన దారి కావచ్చు. అయినా వేరే చోట చూడటం మానకండి.

గీత వెంట నడవండి

నా ఉద్దేశంలో మొత్తం పనిలో ఇదే ముఖ్యం. మందు కొట్టేవాళ్లు దీనికి సమయం పెట్టరు. ఆదివారం ఒక పూట మీరే పెట్టుకోండి. ఒక టార్చి, స్క్రూడ్రైవర్, సుద్దముక్క, ఇంటి గదులు గీసుకున్న ఒక తెల్లకాగితం చాలు.

గీత పైకొస ఎక్కడికి వెళ్తోందో చూశాక కిందికొస పట్టుకోండి. అది ఏదో ఒక చోట నేలకో, గోడ పగులుకో, స్విచ్ బోర్డు వెనక్కో దిగుతుంది. ఆ చోట కాగితం మీద గుర్తు పెట్టండి. గోడకి అవతలి వైపు ఏముందో చూడండి. నూటికి తొంభై పాళ్లు అక్కడ నీళ్లుంటాయి అని మేస్త్రి చెబితే నమ్మలేదు గానీ, మా ఇంట్లో మూడు గీతల్లో రెండు బాత్రూమ్ గోడ దగ్గరే దిగాయి. మూడోది ఏసీ నీళ్ల పైపు కారి గోడ మొదట్లో ఎప్పుడూ తడిగా ఉండే మూల.

ఏ చోట్లు చూడాలంటే, బాత్రూమ్ తలుపు ద్వారబంధం కింది అడుగు భాగం, వంటగది సింక్ కింద చెక్క అర వెనక, దేవుడి మందిరం గోడకి ఆనిన వైపు, మీటరు బోర్డు చెక్క, గోడలోకి బిగించిన అల్మారా వెనక ప్లైవుడ్, అటక మీద అట్టపెట్టెలు. నేలకి ఆనించి పెట్టిన పుస్తకాల కట్టలు, పాత పేపర్ల దొంతర్లు తప్పకుండా ఎత్తి చూడండి. పెళ్లి ఆల్బమ్‌లూ, ఇంటి దస్తావేజులూ ఉన్న పెట్టె అయితే ఈ రోజే చూడండి.

తర్వాత బయటికి రండి. ఇంటి చుట్టూ తిరుగుతూ పునాది గోడని నేల నుంచి మోకాలెత్తు వరకూ టార్చి వేసి చూడాలి. పూలకుండీలు గోడకి ఆనించి ఉంటే జరపండి, వాటి వెనకే దారులుంటాయి. గోడకి చేర్చి పేర్చిన సెంట్రింగ్ చెక్కలు, సరుగుడు వాసాలు, కొబ్బరి మట్టలు చెదలకి విందు.

చెట్ల మొదళ్లని మర్చిపోకండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మన ఊరి చెట్లని ఎలా పడగొట్టిందో చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు. పడిన చెట్టుని కోసి తీసుకెళ్లారు గానీ చాలా పెరళ్లలో మొదలూ వేళ్లూ మట్టిలోనే ఉండిపోయాయి. వాటి మీద గచ్చు పోసేసిన ఇళ్లూ ఉన్నాయి. కుళ్లుతున్న మొదలు ఒకటి ఉంటే చెదలకి ఏళ్ల తరబడి తిండి. అది అయిపోయాక దగ్గర్లో ఉన్న తదుపరి చెక్క మీ గుమ్మమే.

మధురవాడ, ఎండాడ, విశాలాక్షినగర్ వైపు కొండ వాలు తొలిచి కట్టిన ఇళ్లలో ఉంటే వెనక గోడని ప్రత్యేకంగా చూడండి. కొండ మట్టి జారి వచ్చి వెనక గోడకి కిటికీ ఎత్తు దాకా ఆని ఉంటుంది కొన్ని చోట్ల. అంటే మీ గది నేల కన్నా బయటి మట్టి ఎత్తులో ఉంది. అలాంటప్పుడు చెదలకి గీత కట్టాల్సిన పనే లేదు, గోడలో 1 మిల్లీమీటరు పగులున్నా నేరుగా లోపలికి వచ్చేస్తాయి. బయట ఏ ఆనవాలూ లేకుండా అల్మారా తినేశాయంటే ఈ వెనక గోడనే అనుమానించాలి.

మందుకి ముందు తడి ఆపండి

కారే పైపు, సింక్ కింద చెమ్మ, బాత్రూమ్ టైల్స్ సందుల్లోంచి పక్క గది గోడకి ఎక్కే తడి ముందు బాగుచేయించండి. ఏసీ పైపుని గోడకి దూరంగా, బకెట్‌లోకో కాలువలోకో పడేలా పొడిగించండి. గోడకి ఆనిన మట్టిని గది నేల మట్టం కన్నా కనీసం జానెడు కిందికి తవ్వించండి. కట్టెలూ చెక్కలూ గోడ నుంచి జరిపి, నేలకి తగలకుండా ఇటుకల మీద పెట్టండి. అట్టపెట్టెల్లో ఉన్నవి స్టీలు డబ్బాల్లోకో, మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాల్లోకో మార్చండి. మొదళ్లు తవ్వించగలిగితే తవ్వించండి.

ఈ పనులన్నీ అయ్యాక కూడా గీతలు అలాగే ఉంచండి. మందు ఎక్కడ పోయాలో చూపించేవి అవే.

ఏ మందు, ఎంత

వంటింటి చిట్కాల సంగతి ముందు చెప్పేస్తాను. కిరసనాయిలు, వాడేసిన ఇంజిన్ ఆయిల్, ఉప్పునీళ్లు, ఫినాయిల్, బొద్దింకల స్ప్రే. వీటిలో కొన్ని తగిలిన పురుగుని చంపుతాయి, నేలలో ఉన్నదాన్ని ఏదీ చేరదు. కిరసనాయిలు పూసిన గుమ్మం దగ్గర దీపం వెలిగించడం ప్రమాదం కూడా.

కట్టిన ఇంటికి చెదల మందు ఎలా వేయాలో భారతీయ ప్రమాణాల సంస్థ రాసి పెట్టింది. ఐఎస్ 6313, మూడో భాగం. పెస్ట్ కంట్రోల్ వాళ్లు పనిచేయాల్సింది దాని ప్రకారమే. ఇళ్లకి మామూలుగా వాడేవి మూడు మందులు. క్లోర్‌పైరిఫాస్ 20 ఈసీ, ఇమిడాక్లోప్రిడ్ 30.5 ఎస్‌సీ, బైఫెంత్రిన్ 2.5 ఈసీ. పేరు పక్కన అంకె సీసాలో అసలు మందు ఎంత శాతమో చెబుతుంది, ఈసీ, ఎస్‌సీ అన్నవి ద్రవం రకాలు. పాతకాలం వాళ్లు గొప్పగా చెప్పే ఆల్డ్రిన్ నిషేధించిన మందు, ఎవరైనా ఇస్తామన్నా తీసుకోకండి.

క్లోర్‌పైరిఫాస్ వాసన ఘాటు, రోజుల తరబడి పోదు. ఇమిడాక్లోప్రిడ్‌కి వాసన దాదాపు ఉండదు. చెదలు దాన్ని పసిగట్టలేక దాని మీదుగానే నడిచి, ఒంటికి పూసుకుని వెళ్లి మిగతా వాటికి అంటిస్తాయి. మేము రెండోసారి ఇదే వాడాం. పిల్లలున్న ఇంటికి నేను దీన్నే చెబుతాను.

కలపాల్సిన లెక్క: క్లోర్‌పైరిఫాస్ 20 ఈసీ ఒక లీటరుకి నీళ్లు 19 లీటర్లు. ఇమిడాక్లోప్రిడ్ 30.5 ఎస్‌సీ లీటరు నీటికి 2.1 మిల్లీలీటర్లు. బైఫెంత్రిన్ 2.5 ఈసీ లీటరు నీటికి 20 మిల్లీలీటర్లు. మీరు కొన్న సీసా మీద వేరేగా ఉంటే సీసా మీదున్నదే పాటించండి. లైసెన్సు ఉన్న పురుగుమందుల దుకాణంలో, సీలు ఉన్న సీసా, బిల్లుతో కొనండి. ఇంకో సీసాలో వంచి ఇచ్చేది వద్దు.

గ్రౌండ్ ఫ్లోర్‌లో మందు పోసే పద్ధతి

ఒక్క గది, ఒకటి రెండు గీతలైతే మేస్త్రి సాయంతో మీరే చేసుకోవచ్చు. రెండు మూడు గదుల్లో ఉంటే మనుషుల్ని పిలవండి, దాని గురించి తర్వాత చెబుతాను.

గోడా నేలా కలిసే చోట, గోడ వెంట అడుగుకో రంధ్రం వేయాలి. 12 మిల్లీమీటర్ల బిట్టు, అంటే దాదాపు అర అంగుళం. గచ్చు దాటి కింద మట్టి తగిలేదాకా దిగాలి. డ్రిల్లు బరువు ఒక్కసారిగా తేలికైతే మట్టి తగిలినట్టు, బిట్టుకి ఎర్రమట్టి అంటుకుని వస్తుంది. టైల్స్ ఉంటే టైలు మధ్యలో కాకుండా స్కర్టింగ్ పక్క సందులో వేయండి, పైపొర దాటేదాకా హ్యామర్ మోడ్ వాడకండి, పగులుతుంది. నేలలో కరెంటు పైపులూ నీళ్ల పైపులూ ఎటు వెళ్తున్నాయో ముందే తెలుసుకోవాలి. తెలియకపోతే ప్లంబర్‌ని అడగకుండా మొదలుపెట్టొద్దు. బాత్రూమ్ లోపల నేల ముట్టుకోకండి, వాటర్‌ప్రూఫింగ్ పోతుంది. దాని గోడకి ఇవతలి వైపు వేస్తే చాలు.

ఒక్కో రంధ్రంలో లీటరు వరకూ పోయాలి. గరాటు పెట్టి మెల్లగా పోస్తే ఇంకుతుంది. మన ఎర్రనేల గట్టిది, మొదటి పావు లీటరు తొందరగా లాక్కుని తర్వాత నిలబడిపోతుంది. అప్పుడు పక్క రంధ్రానికి వెళ్లి మళ్లీ తిరిగి రండి. మాకు ఒక గది పూర్తవడానికి మూడు గంటలు పట్టింది. 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పున్న గది చుట్టుకొలత 44 అడుగులు. అంటే సుమారు 44 రంధ్రాలు, 44 లీటర్ల మందు నీళ్లు. ఇమిడాక్లోప్రిడ్ అయితే 92 మిల్లీలీటర్లు, క్లోర్‌పైరిఫాస్ అయితే రెండు లీటర్లకి కాస్త పైన. ఈ లెక్క గుర్తుంచుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

రెండు రోజులు ఆరనిచ్చి రంధ్రాలు తెల్ల సిమెంటుతో మూసేయండి.

బయటి వైపు గచ్చు లేకపోతే గోడని ఆనుకుని అడుగు లోతు కాలువలా తవ్వి, మీటరు పొడవుకి రెండుంపావు లీటర్ల లెక్కన మందు పోసి, మట్టి తిరిగి వేస్తూ ఆ మట్టిని కూడా తడపాలి. గచ్చు ఉంటే గోడకి దగ్గరగా అడుగుకో రంధ్రం వేసి అదే కొలత.

ద్వారబంధం గోడని తాకే అంచున, కింది వైపుకి వాలుగా సన్న రంధ్రాలు వేసి సిరంజితో మందు ఎక్కించండి. చెక్కలోకి ఎక్కించడానికి నీళ్ల మందు కన్నా నూనెలో కలిపి అమ్మే చెక్క మందు నయం, లోపలికి పాకుతుంది. పాలిష్, పెయింటు మీద పూస్తే లాభం లేదు. వేలితో నొక్కితే లోపలికి పోయే చెక్కని కాపాడాలని చూడకండి, ఆ ముక్క కోసి తీసేయించండి. బాత్రూమ్ గుమ్మాలకి మళ్లీ చెక్క పెట్టించే బదులు గ్రానైట్ ద్వారబంధం పెట్టించాం, ఆ తర్వాత ఆ వైపు చూడాల్సిన అవసరం రాలేదు.

ఇవన్నీ అయ్యాక, చివర్లో, గీతలు గీకేయండి. గీకిన మట్టి పెరట్లో పారేయకుండా మందు నీళ్లలో ముంచి పాతిపెట్టండి.

గసగసాల రకం చెదలకీ పుచ్చుకీ నేలలో మందు దండగ. ఆ చెక్క సామానుకే రంధ్రాల్లో సిరంజితో మందు ఎక్కించి మైనంతో మూయాలి. చిన్న సామానైతే, బాగా తిన్నదైతే ఇంట్లోంచి పంపేయడమే మేలు.

అపార్ట్‌మెంట్‌లో

పై అంతస్తుల్లో నేలకి రంధ్రాలు వేయించకండి. మీ నేల కింద ఉన్నది మట్టి కాదు, కింది వాళ్ల స్లాబు. చెదలు అక్కడికి పైపుల డక్టుల్లోంచి, కరెంటు పైపుల్లోంచి ఎక్కుతాయి. నాలుగో అంతస్తు వార్డ్‌రోబ్‌లో చెద కనబడితే మందు పడాల్సింది సెల్లార్‌లో ఆ డక్టు మొదట్లో. ఒక్క ఫ్లాట్ వాళ్లు చేయించుకుంటే పక్క ఫ్లాట్‌కి మారతాయి, అందుకే అసోసియేషన్‌లో మాట్లాడి మొత్తం బ్లాకుకి ఒకేసారి చేయించండి. మీ ఫ్లాట్ వరకూ డక్టు గోడకి ఆనిన అల్మారా వెనక చెక్క తీయించి, ద్వారబంధాల అంచున మందు ఎక్కించండి. పైకప్పులోంచి నీళ్లు కారే ఇంట్లో చెదలు నేలతో సంబంధం లేకుండా ఆ తడి మీదే బతికేయగలవు, కాబట్టి లీకేజీ ముందు.

మనుషుల్ని పిలిస్తే

మొదటిసారి మేము పిలిచినవాళ్లు ముగ్గురు వచ్చారు. భుజాన పంపుతో గోడల అంచున, తలుపుల మీద తుంపర కొట్టి నలభై నిమిషాల్లో వెళ్లిపోయారు. ఒక్క రంధ్రం వేయలేదు. అయిదేళ్ల గ్యారంటీ అని రంగు కార్డు ఇచ్చారు. నాలుగు నెలలకి గీత వచ్చింది, కార్డు మీది నంబరు పలకలేదు. ఆ డబ్బు కన్నా, పని అయిపోయిందనుకుని నిశ్చింతగా ఉన్న నాలుగు నెలలు ఎక్కువ నష్టం చేశాయి.

అందుకని అడ్వాన్సు ఇవ్వకముందే ఇవి అడగండి. ఏ మందు, ఎంత శాతం? ఎన్ని రంధ్రాలు వేస్తారు? మొత్తం ఎన్ని లీటర్లు పోస్తారు? ఇందాక చెప్పిన లెక్క ఇక్కడ వాడండి. మూడు గదుల ఇంటికి ఇరవై లీటర్ల డబ్బా ఒకటి పట్టుకొస్తే అది వైద్యం కాదు. సీసా సీలు మీ ముందే విప్పమనండి, కలపడం దగ్గరుండి చూడండి. గ్యారంటీలో మళ్లీ వస్తే ఉచితంగా చేస్తామన్నది రాతలో ఉండాలి. మీరు తయారుచేసిన కాగితం వాళ్ల చేతికివ్వండి. దారి ఎక్కడుందో తెలిసిన ఇంటివాళ్ల దగ్గర పని తేలిగ్గా ముగించడం కష్టం.

జాగ్రత్తలు

ఇవి విషాలు. చేతికి రబ్బరు తొడుగులు, ముక్కుకి మాస్కు, కళ్లకి అద్దాలు, నిండు చేతుల చొక్కా. చిన్నపిల్లలూ, గర్భిణులూ, ఉబ్బసం ఉన్నవాళ్లూ ఆ రోజు వేరే ఇంట్లో ఉండాలి. వంటగదిలో సరుకులన్నీ తీసి కప్పేయండి. చేపల తొట్టి ఉంటే ఆ గదిలోంచి తీసేయాల్సిందే, బైఫెంత్రిన్, క్లోర్‌పైరిఫాస్ చేపల్ని చాలా తక్కువ మోతాదుకే చంపుతాయి. నుయ్యి, బోరు, సంపు ఉన్న వైపు మట్టిలో మందు పోయకండి. కరివేపాకు, తులసి, కూరపాదులు గోడ పక్కనే ఉంటే వాటి చుట్టూ కూడా వద్దు. వాన వచ్చేలా ఉన్న రోజు బయటి పని పెట్టుకోకండి, మందంతా కాలువలోకి పోతుంది.

ఒంటి మీద పడితే సబ్బుతో బాగా కడగాలి. కళ్లలో పడితే చాలాసేపు మంచినీళ్లతో కడగాలి. పొరపాటున ఎవరైనా మింగితే వాంతి చేయించకండి. 108కి ఫోన్ చేసి, మందు సీసాని వెంట పట్టుకుని కేజీహెచ్‌కో (విశాఖలోని కింగ్ జార్జ్ ఆసుపత్రి), దగ్గర్లోని పెద్దాసుపత్రికో వెళ్లండి. ఏ మందో తెలిస్తే డాక్టర్లు సమయం పోకుండా దానికి తగిన వైద్యం మొదలుపెడతారు. ఖాళీ సీసాలు కడిగి ఇంట్లో వాడుకోవడం ఎంత మాత్రం వద్దు.

కొత్తగా కట్టుకుంటుంటే

పునాది రోజుల్లోనే చేయించండి. పునాది గోతుల అడుగునా పక్కలా, ఆ తర్వాత బేస్‌మెంట్ నింపిన మట్టి పైన, కాంక్రీటు వేసే ముందు చదరపు మీటరుకి 5 లీటర్ల లెక్కన మందు పోయాలి. నింపే మట్టిలో చెక్క ముక్కలూ, సెంట్రింగ్ బద్దలూ, సిమెంటు సంచుల కాగితాలూ లేకుండా దగ్గరుండి ఏరించండి. కట్టాక పడే శ్రమలో ఇది పదో వంతు కూడా ఉండదు.

తర్వాత చూడాల్సింది

మందు వేసిన వారం రెండు వారాల్లో ఒకటి రెండు చోట్ల చెదలు కనబడితే బెంగపడకండి, లోపల చిక్కుకున్నవి బయటపడుతుంటాయి. నెల దాటాక కొత్త తడి గీత వస్తే ఆ చోట మందు అందలేదని, అక్కడ మళ్లీ పోయాలి.

ఏడాదికి రెండుసార్లు టార్చి పట్టుకుని తిరగండి. మృగశిర ముందు ఒకసారి, నవంబరు వానలు వెనకబట్టాక ఒకసారి. మా గుమ్మం పక్కన గోడ మీద పెన్సిలుతో తేదీలు వేసి ఉంచాను, పెయింటు వేసేవాళ్లకి కూడా అవి చెరపొద్దని చెబుతాను. తొలి వాన పడ్డ సాయంత్రం ఇంట్లో దీపాలార్పి, వరండాలో ఒక్క బల్బు వేసి, దాని కింద బేసిన్‌లో నీళ్లు పెడతాం. ఉసుళ్లన్నీ అందులో పడతాయి. తెల్లారి లేచి ముందు గదుల్లో నేల చూస్తాను. రాలిన రెక్కలు కిటికీ కింద ఉంటే ఊడ్చేస్తాను. ద్వారబంధం మొదట్లో ఉంటే చీపురు పక్కన పెట్టి టార్చి తీస్తాను.